ఆరు కాగితాలు, ఒక్క పేరు

(9 ఆగస్టు 2024, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మన సంఘం యువత సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి దింసా ఆడారు, డప్పులు కొట్టారు, అలిసిపోయారు. భోజనాలు సిద్ధమయ్యే లోపు నాలుగు మాటలు చెప్పమని మైకు మా చేతికిచ్చారు. ఆగస్టు 9 అనగానే అల్లూరి గురించి, అడవి గురించి, మన ఆటపాటల గురించి మాట్లాడటం మనకు అలవాటు. ఆ మాటలు మనకంటే బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. మేము ఇంకో సంగతి చెబుతాం. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ మన ఇళ్లలో పొయ్యి వెలగడానికీ దీనికీ సంబంధం ఉంది. కాగితాల సంగతి అది.

ఇవాళ ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. అమ్మ ట్రంకు పెట్టెలోనో, దూలానికి వేలాడదీసిన సంచిలోనో ఉన్న కాగితాలన్నీ తీసి చాప మీద పరవండి. ఆధార్, బియ్యం కార్డు, ఉపాధి జాబ్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, అటవీ హక్కు పట్టా, కుల ధ్రువపత్రం. మొత్తం ఆరు. ఆరింటిలో అమ్మ పేరు చదవండి. ఆరూ ఒకేలా ఉంటే మీ ఇల్లు అదృష్టవంతమైన ఇల్లు. మేము తిరిగిన ఊళ్లలో అలాంటి ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే కనిపించాయి.

ఎందుకిలా అయింది? మనలో బుధవారం పుట్టిన పిల్లకు బుద్రి అని పేరు పెడతాం. బియ్యం కార్డు రాయడానికి వచ్చినాయన కింది ఊరి మనిషి. ఆయన చెవికి బుద్రి అనేది సగం పేరులా వినిపించింది, బుద్రమ్మ అని రాశాడు. ఆధార్ తీసిన కుర్రాడు ఇంగ్లీషులో టైపు చేశాడు, అది తిరిగి తెలుగులోకి మారేసరికి బుడ్రి అయింది. బ్యాంకులో ఇంకెవరో భర్త ఇంటిపేరు తగిలించారు. ఇంటిపేర్ల సంగతి మీకు తెలుసు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతాల అంటే పాము. ఏ ఇంటిపేరు వాళ్లు ఎవరికి వరస అవుతారో, ఎవరితో పెళ్లి కుదరదో మనకు ఆ పేర్లే చెబుతాయి. ఇంగ్లీషులో రాసేటప్పుడు వంతాలకు ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. మనకు రెండూ ఒకటే. కంప్యూటరుకు అవి ఇద్దరు మనుషులు.

పూర్వం ఈ తేడాతో పెద్దగా నష్టం లేదు. కార్డు చూసేవాడు మనిషి, బుద్రి ఎవరో అతనికి తెలుసు. ఇప్పుడు చూసేది మిషను. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఆధార్ ఆధారంగానే జమ చేయాలని కేంద్రం నిబంధన పెట్టింది. జాబ్ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు కలవకపోతే డబ్బు దారి తప్పుతుంది, లేదా ఆగిపోతుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట మా సంఘం నుంచి నలుగురం ఒక ఊరికి వెళ్లాం. జాబ్ కార్డులకు ఆధార్ కలిపే ఫారాలు నింపిపెడతామని ఉత్సాహంగా వెళ్లాం. చదువుకున్నాం కదా అనే గర్వం కూడా కొంచెం ఉండేది. ఒక పెద్దమ్మ తన పేరు చెప్పింది. మేము ఆ పేరును 'బాగుచేసి' రాశాం. ఆధార్ కార్డు పక్కనే ఉంది, ఒక్కసారి దాని వైపు చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

తర్వాత ఆమె ఆరు వారాలు పనికి వెళ్లింది. మస్తర్‌లో పేరుంది, గొయ్యి కొలత ఉంది, డబ్బు లేదు. అడిగితే పైనుంచి పడలేదన్నారు. ఆమె సంతలో మమ్మల్ని కలిసి అడిగింది. మేము ఏమన్నామో తెలుసా? "పడుతుందిలే పెద్దమ్మా, అందరికీ లేటే" అన్నాం. కాగితం తెమ్మనలేదు, చూడలేదు. ఆమె ఇంకో నెల చూసి ఉపాధి పని మానేసింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆమె కొడుకు బిల్డింగు పనికి కిందికి దిగాడు. చివరికి ఎక్కడ తేడా వచ్చిందా అని వెతికితే బయటపడింది మా చేతిరాత. సరిచేయించాం, డబ్బు పడింది. అప్పటికి పరీక్షలైపోయాయి. ఆ అబ్బాయి మళ్లీ కాలేజీకి వెళ్లలేదు.

డబ్బు వచ్చాక పెద్దమ్మ మమ్మల్ని తిట్టలేదు. "నేను చెప్పిన పేరు నీకు బాగోలేదా బాబూ?" అని మాత్రం అడిగింది. ఆ మాటకు మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ మాట వల్లే ఈ రోజు ఇక్కడ నిలబడి ఈ సంగతి మాట్లాడుతున్నాం.

సరే, ఈ కాగితాల వెనక మనకు ఏమేమి ఉన్నాయో చూద్దాం. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. పథకం దేశంలో మొదలైంది మన తెలుగు నేల మీదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. దీన్ని చాలామంది 'కరువు పని' అంటారు, ప్రభుత్వం దయతలచి ఇచ్చినట్టు మాట్లాడతారు. చట్టంలో దయ అనే మాట లేదు. 2005 చట్టం ప్రకారం గ్రామంలో ఉండే ఏ కుటుంబమైనా ఒళ్లు వంచి పనిచేస్తామని అడిగితే ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలి. ఇది హక్కు.

2024 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో రోజు కూలిని 300 రూపాయలు చేశారు. తెలంగాణలోనూ అంతే. ఆ లెక్కన 100 రోజులకు 30,000 రూపాయలు. మనకు ఇంకో అదనం ఉంది, ఇది చాలామందికి తెలియదు. అటవీ హక్కు పట్టా ఉండి, ఆ భూమి తప్ప సొంత ఆస్తి వేరే లేని గిరిజన కుటుంబాలకు ఇంకో 50 రోజులు కలిపి 150 రోజులు ఇవ్వాలని 2014లోనే ఆదేశాలు వచ్చాయి. అదే లెక్కన 150 రోజులంటే 45,000 రూపాయలు. మీ ఇంట్లో పట్టా ఉంటే, పోయిన ఏడాది మీ ఇంటివాళ్లు 101వ రోజు పని అడిగారా? అడగలేదంటే, ఉందని తెలియకే కదా?

ఒక మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. రోజు కూలి అనేది పూర్తి కొలత పనికి. గొయ్యి కొలత తక్కువైతే కూలి తగ్గుతుంది. కొలత తీసేటప్పుడు టేపు ఎలా పడుతున్నారో, పుస్తకంలో ఎంత రాస్తున్నారో చూసే మనిషి గుంపులో ఒకరుండాలి. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే ఘనపు మీటర్లు. బడిలో నేర్పే లెక్క ఇది. మీ అమ్మకు రాకపోవచ్చు, మీకు వస్తుంది.

పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఇవ్వాలి. అంతకు మించితే కూలి మీద 10 శాతం ఎక్కువ ఇవ్వాలి. మన కొండ దారుల్లో 5 కిలోమీటర్లంటే ఏమిటో నడిచే కాళ్లకే తెలుసు, కాబట్టి ఈ మాట మనకు మరీ ముఖ్యం. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి. పనిచోట తాగునీరు, నీడ, దెబ్బతగిలితే కట్టుకట్టే మందుల పెట్టె ఉండాలి. ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి, ఆ మనిషికీ కూలి ఇవ్వాలి. ఇవేవీ మేము కోరుతున్నవి కావు, చట్టంలో రాసి ఉన్నవి.

ఇప్పుడు అసలు కీలకం. పని అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. 2024 కూలి లెక్కన రోజుకు 75, తర్వాత 150 రూపాయలు. మన ఊళ్లలో ఈ భృతి అందుకున్న మనిషిని మేము చూడలేదు. కారణం వెతికితే ఎక్కడికక్కడ ఒకటే. పని నోటితో అడిగారు. నోటితో అడిగిన మాటకు తేదీ ఉండదు. తేదీ లేనిదే 15 రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతారు? పని కోసం అర్జీ ఇస్తే తేదీ వేసిన రశీదు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఆ రశీదు అడగడానికి మన పెద్దలకు మొహమాటం. "బాబుగారు ఏమనుకుంటారో" అని. అడిగితే కోపం వస్తుందని భయం. మీకు ఆ భయం ఉండనక్కరలేదు. మర్యాదగా అడగండి. "సార్, తేదీ వేసి సంతకం పెట్టండి" అనడానికి గొంతు పెంచాల్సిన పని లేదు.

కూలి 15 రోజుల్లో అందాలి. ఆలస్యమైతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం. 1,800 రూపాయలు రావలసిన మనిషికి పది రోజులు ఆలస్యమైతే 9 రూపాయలు. నవ్వకండి. 9 రూపాయల కోసం ఎవరూ కొట్లాడరు. కానీ ఆ 9 రూపాయలు అడిగితే, ఆలస్యం జరిగిందని రికార్డులో పడుతుంది. రికార్డులో పడని కష్టం మన ఇంట్లోనే మిగిలిపోతుంది.

బియ్యం సంగతి ఒక్క ముక్క. ఉపాధి పనికి వెళితే బియ్యం కార్డు తీసేస్తారని కొన్ని ఊళ్లలో పుకారుంది. ఎవరు పుట్టించారో గాని, దాన్ని నమ్మి పని మానుకున్నవాళ్లున్నారు. ఉపాధి కూలీ అయినంత మాత్రాన కార్డు పోదు. అంత్యోదయ కార్డుకు కుటుంబానికి నెలకు 35 కిలోలు, మామూలు కార్డుకు మనిషికి 5 కిలోలు. ఆదిమ తెగల కుటుంబాలకు అంత్యోదయ కార్డులు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2003లోనే ఆదేశించింది. మన పక్క ఊళ్లలో గదబ, పోర్జ, కోందు కుటుంబాలున్నాయి. వాళ్ల చేతిలో ఏ కార్డుందో చూసిరావడం కూడా మన పనే. మన ఊరు బాగుంటే చాలనుకుంటే అది సంఘం కాదు.

ఉద్యోగాలు చేస్తున్న తమ్ముళ్లకు పన్ను గురించి ఒక మాట. "మనం ఎస్టీలం, మనకు ఇన్‌కం ట్యాక్స్ లేదు" అని చాలామంది అంటున్నారు. అది తప్పు. చట్టంలో ఆ మినహాయింపు ఉన్నది ఈశాన్య రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాలు, లడఖ్ ప్రాంతంలో నివసించే గిరిజనులకు, అక్కడ వచ్చే ఆదాయం మీద. మన ఏజెన్సీకి అది వర్తించదు. అయితే 2024లో కొత్త పద్ధతిలో ఏడాదికి 7 లక్షల లోపు ఆదాయం ఉంటే రిబేటు వల్ల కట్టాల్సిన పన్ను సున్నా అయ్యేది. కాంట్రాక్టు ఉద్యోగంలో మీ జీతం నుంచి ముందే పన్ను కోసి ఉంటే, రిటర్ను వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. గడువు దాటినా, డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. ఇక్కడా అదే తిరకాసు. పాన్ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు కలవాలి.

ఇక చేయాల్సింది ఏమిటి? మేము పడి లేచి నేర్చుకున్నవి నాలుగే.

మొదటిది, పేరు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. కాబట్టి తొందరపడి ఆధార్ సెంటరుకు పరుగెత్తకండి. ఆధార్‌లో పేరు అమ్మ చెప్పే పేరుకు దగ్గరగా ఉంటే దాన్ని ముట్టుకోకండి, మిగతా కాగితాలను దానికి సరిచేయించండి. ఆధార్‌లోనే తప్పుంటే, ఇంట్లో అందరూ కూర్చుని ఏ అక్షరం ఎలా ఉండాలో తేల్చుకుని, ఒక్కసారే మార్పించండి. చదువుకునే పిల్లలకు టెన్త్ మెమోలో ఉన్న పేరే ఆధారం, ఎందుకంటే దాన్ని మార్పించడం మరీ కష్టం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లలు ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రెండోది, ఖాతా. ఆధార్ చివరగా ఏ ఖాతాకు అనుసంధానమైందో డబ్బు ఆ ఖాతాకే వెళుతుంది. సంతలో సిమ్ కార్డు కొన్నప్పుడో, ఫోనులో ఏదో యాప్ పెట్టించుకున్నప్పుడో వేలిముద్ర వేస్తే తెలియకుండానే కొత్త ఖాతా తెరుచుకున్న సందర్భాలున్నాయి. అమ్మ పాసుబుక్కు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతుంటుంది, డబ్బు ఇంకో ఖాతాలో కూర్చుని ఉంటుంది. ఏ ఖాతాకు అనుసంధానం ఉందో బ్యాంకులో అడిగి రాయించుకోండి. ఎందుకో చెప్పని చోట వేలిముద్ర వేయొద్దని ఇంట్లో చెప్పండి.

మూడోది, రశీదు. పని అర్జీకి, జాబ్ కార్డు అర్జీకి, పేరు మార్పు అర్జీకి, దేనికైనా తేదీ ఉన్న రశీదు. అన్నీ ఒక సంచిలో. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. సిగ్నల్ కోసం కొండెక్కాల్సి వచ్చినా ఫొటోకు సిగ్నల్ అక్కరలేదు కదా.

నాలుగోది, గ్రామసభ. 1996 పెసా చట్టం ప్రకారం మన షెడ్యూల్డ్ ప్రాంతంలో ఊరికి వచ్చే పథకాలకు గ్రామసభ ఆమోదం ఉండాలి, లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభది, ఖర్చుపెట్టిన సొమ్ముకు పంచాయతీ గ్రామసభ దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలి. ఆరు నెలలకోసారి ఉపాధి పనులకు సామాజిక తనిఖీ జరగాలి. సామాజిక తనిఖీని దేశానికి చూపించిన రాష్ట్రాల్లో మనది ముందుంది. ఆ రోజు మస్తర్ కాగితాలు బయటకు తీసి పేర్లు చదువుతారు. పనికి రాని మనిషి పేరు, పనికి వచ్చి డబ్బు రాని మనిషి పేరు, రెండూ అక్కడే దొరుకుతాయి. ఎవరి జాబ్ కార్డైనా కొట్టేయాలంటే ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. గ్రామసభలో వెనక నిలబడి ఫోను చూసుకుంటే ఇవేవీ కనిపించవు. ముందు వరసలో కూర్చోండి.

మా ప్రతిపాదన ఒకటి. ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరూ పది ఇళ్లు తీసుకోండి. మీ వీధిలోవే. ఒక నోటుపుస్తకంలో పది ఇళ్ల పేర్లు రాసి, ఆరు కాగితాల్లో పేరు ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు దించుకోండి. మీరు బాగుచేయకండి. మేము చేసిన తప్పు మీరు చేయొద్దు. ఎక్కడ తేడా ఉందో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. వచ్చే నెల సంఘం సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. ఏ తేడా పంచాయతీలో సరవుతుంది, ఏది సచివాలయంలో, ఏది మండలం ఆఫీసులో, ఏది బ్యాంకులో అని కలిసి విడదీద్దాం. పది మంది అర్జీలు ఒకేసారి పట్టుకెళ్లిన కుర్రాడికి ఆఫీసులో కుర్చీ చూపిస్తారు. ఒక్క ముసలమ్మ వెళితే రేపు రమ్మంటారు. అది మనకు తెలిసిన లోకమే.

ఇది సంస్కృతి సంఘం కదా, కాగితాల గొడవ మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. దింసా మన సంస్కృతి, ఇటుకల పండుగ మన సంస్కృతి. మరి మన పేరు? తాతలు మనకు ఇచ్చిన మొదటి సొత్తు అదే. ఎవరి నోటికో తిరగలేదని పేరు మార్చుకుంటూ పోతే ఒక రోజు కొర్రా ఏదో, కిల్లో ఏదో మనకే తెలియకుండా పోతుంది. కాగితం మీద పేరు సరిగా రాయించుకోవడం కూలి డబ్బుల కోసం ఎంతో, మనం మనంగా ఉండటానికీ అంతే.

భోజనాలు వడ్డిస్తున్నట్టున్నారు, చోడి అంబలి వాసన వస్తోంది. ముగిస్తాం. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక ముందు అమ్మనే అడగండి, "అమ్మా, నీ పేరు ఎలా రాయాలి?" అని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి.

జై ఆదివాసీ! జోహార్!